నాయన చెయ్యి, నా ఎక్సెల్ షీటు

ఈమధ్య ఇక్కడ ఏమీ రాయలేదు. బద్ధకం కాదు, మా నాయనకి పక్షవాతం వచ్చింది. ఇప్పుడు కాస్త తెరిపిన పడ్డాం కాబట్టి బుర్రలో తిరుగుతున్నది మీ ముందు పెడుతున్నా.

మాది మంగంపేట. ముగ్గురాళ్ళ గనుల ఊరు. తెలియనివాళ్ళ కోసం: ముగ్గురాయి అంటే బెరైటీస్. దాన్ని పొడి చేసి చమురు బావులు తవ్వే చోటికి పంపిస్తారు. బరువే దాని విలువ. సాంద్రత 4.2 ఉంటే మంచి గ్రేడు, తగ్గేకొద్దీ ధరా తగ్గుతుంది. నాయన ఓ పొడి మిల్లులో చాలా ఏళ్ళుగా సూపర్‌వైజరు. ల్యాబ్ రిపోర్టు రాకముందే రాయి చేత్తో పట్టుకుని గ్రేడు చెప్పేస్తాడు.

పడిపోయింది ఆ కుడిచెయ్యే.

పొద్దున ఆరింటికి కాఫీ తాగుతుంటే మూతి వంకరపోయింది, మాట ముద్దయింది. ఇంట్లోవాళ్ళు వాతం అనుకుని పక్కూరికి పసరు మందుకి తీసుకెళ్ళారు. బెంగుళూరులో ఉన్న నాకు ఫోనొచ్చేసరికి పది. తిరుపతి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. స్కాన్‌లో రక్తస్రావం లేదు, నాళం పూడుకుపోయిన రకం. గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి. మాకు ఏడు గంటలు దాటిపోయింది. పెద్ద నాళం మూసుకుపోతే కొందరికి 24 గంటల దాకా గడ్డని బయటికి లాగేసే వీలుంది కానీ, నాయనది చిన్న నాళం.

ఆ రాత్రి ఆస్పత్రి వరండాలో కూర్చుని నేను చేసిన పని చెబితే మీరు నవ్వుతారేమో. సర్వర్ పడిపోతే మనం ముందు లాగ్స్ చూస్తాం కదా, అలా రక్తంలో లాగ్స్ వెతికాను. నిజంగానే ఉన్నాయి. న్యూరోఫిలమెంట్ లైట్ చైన్ అని నరాల తంతువుల్లో ఉండే ప్రోటీను. తంతువు దెబ్బతింటే అది రక్తంలోకి కారుతుంది. ఒత్తిడికి శరీరం స్పందించినప్పుడు పెరిగే కోపెప్టిన్ ఇంకోటి. వాపుని చూపించే సీఆర్‌పీ మరోటి. ఇవి ఎక్కువున్నవాళ్ళు సగటున తక్కువ కోలుకుంటారని బోలెడు పేపర్లు. తెల్లారేసరికి ఎక్సెల్ షీటు తయారు.

డాక్టరమ్మ షీటు ఓపిగ్గానే చూసింది. "బాబూ, వయసెంత, మొదటిరోజు దెబ్బ ఎంత, ఈ రెండే చాలావరకు చెప్పేస్తాయి. రక్తం దాని మీద చెప్పేది కొంచెమే. సీఆర్‌పీ ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షనొచ్చినా పెరుగుతుంది. న్యూరోఫిలమెంట్ ఇవాళ ఒకలా, రెండు వారాలకి ఇంకోలా ఉంటుంది. పరిశోధనకి మంచివే, మీ నాన్నగారి భవిష్యత్తు చెప్పడానికి ఇంకా చాలవు" అంది.

మూడో రోజు ఆవిడే నాయన దగ్గరికొచ్చి, "పెద్దాయనా, భుజం పక్కకి ఎత్తండి, వేళ్ళు చాపండి" అంది. భుజం కొద్దిగా లేచింది. వేళ్ళు కదిలాయి. అంతే పరీక్ష! 2010లో నెదర్లాండ్స్ వాళ్ళు ప్రచురించిన అధ్యయనంలో, మూడు రోజుల్లోపు ఈ రెండూ చెయ్యగలిగినవాళ్ళకి ఆరు నెలలకి చేతి పని కొంతైనా తిరిగొచ్చే అవకాశం 98 శాతం. రెండూ లేనివాళ్ళకి 25 శాతం. ఖర్చు సున్నా.

నేను ఎగిరి గంతేశాను. నాయన మాత్రం ముద్దమాటల్లోనే అడిగాడు: "మిల్లుకి ఎప్పుడు పోవచ్చంటరా?"

అక్కడ ఆగిపోయాను. 98 శాతం 'కొంతైనా' తిరిగొస్తుంది, సరే. ఆ కొంతలో ఏముంది? చొక్కా గుండీలు ఉన్నాయా? రాయి బరువు తెలియడం ఉందా? ఏ మోడలూ ఆ కాలమ్‌ని అంచనా కట్టలేదు. అసలు ఆ అంకె ఎవరి కోసం వెతికాను? ఉద్యోగం మానాలా వద్దా అని తేల్చుకోవడానికి, అంటే నా కోసమే. పైగా చెడ్డ అంకె వచ్చుంటే? మావాళ్ళ సంగతి నాకు తెలుసు, "ఇంకెందుకులే" అని వ్యాయామం మాన్పించేవాళ్ళు. అప్పుడు ఆ జోస్యం మా చేతుల మీదుగానే నిజమయ్యేది.

ఇప్పటికి ఏడో నెల. గుండీలు పెట్టుకుంటాడు, సంతకం వంకరగా పెడతాడు. మొన్న వాకిట్లో ఓ ముగ్గురాయి కుడిచేతిలో పెట్టాను. కాసేపు పట్టుకుని, ఎడంచేతికి మార్చుకుని, "ఏ గ్రేడే" అన్నాడు. కుడిచేతికి ఇంకా తెలియడం లేదన్నమాట. రోజూ సాయంత్రం మాత్రం దాంతోనే వ్యాయామం.

షీటులో లేనిది ఇంకోటుంది. మెదడులో పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సగటున 19 లక్షల నరాల కణాలు పోతాయని 2006లో లెక్క కట్టారు. నాయనది చిన్న నాళం కాబట్టి అన్ని పోయి ఉండవు, కానీ ఏడు గంటలంటే 420 నిమిషాలు. రిపోర్టులెన్ని చదివినా అవి వెనక్కి రావు. ఈ ఆదివారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట చెప్పండి: మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ముందు 108కి ఫోను, పసరుకి కాదు. నేను మా ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు.