27 ఏళ్ల మరమ్మతు

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో గ్రిబోయెదొవ్ కాలువ గట్టున రంగురంగుల గుమ్మటాల చర్చి ఒకటుంది. 1881లో జార్ రెండో అలెగ్జాండర్ మీద బాంబు పడిన చోటే దాన్ని కట్టారు. 1883లో మొదలుపెడితే 1907కి పూర్తయింది.

నన్ను ఆలోచనలో పడేసేది ఆ తర్వాతి కథ. సోవియట్ హయాంలో ప్రార్థనలు ఆగిపోయాయి. కూల్చేద్దామనీ అనుకున్నారు, రెండో ప్రపంచ యుద్ధం అడ్డుపడింది. అప్పట్లో లెనిన్‌గ్రాడ్ అనే ఆ నగరం ముట్టడిలో ఉన్నప్పుడు అక్కడ శవాలను ఉంచారు. యుద్ధమయ్యాక అది నాటకాల తెరలూ సామగ్రీ దాచే గోదాము. గుమ్మటంలో పేలకుండా ఇరుక్కున్న ఫిరంగి గుండు 1961 దాకా బయటపడనే లేదు! అన్నేళ్లూ జనం దాని కిందే తిరిగారన్నమాట.

1970లో మ్యూజియం చేద్దామన్నారు. తలుపులు తెరుచుకున్నది మాత్రం 1997లో. కట్టడానికి 24 ఏళ్లు పడితే, బాగుచేయడానికి 27! లోపల 7 వేల చదరపు మీటర్లకు పైగా మొజాయిక్ మరి. మసి వదిలించాలి, రాలిపోయిన చోట అదే రంగు ముక్క వెతికి పొదగాలి. పరంజా తీస్తే గానీ సోవియట్ ప్రభుత్వం పోదని ఊళ్లో ఛలోక్తి కూడా పుట్టింది. తెరిచేనాటికి సోవియట్ యూనియనే లేదు.

మ్యూజియం కాబట్టి లోపలికి టికెట్ కొనాలి; దేవుడి ఇంటికి టికెట్టేమిటని నొచ్చుకునేవాళ్లున్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ కాలంలో మ్యూజియం అనే పేరు పెట్టకపోతే ఆ గోడల దగ్గరికి పనివాళ్లూ వచ్చేవారు కాదు, డబ్బూ వచ్చేది కాదు. 2004 నుంచి అక్కడ మళ్లీ ప్రార్థనలూ జరుగుతున్నాయి.