నూనె కారే చోట గాలి దూరుతుంది

అమెరికాలో ఉన్న మన వాళ్ళు కొందరు వారాంతాల్లో ఏటీవీ అని ఒకటి తోలుతుంటారు. నాలుగు లావు చక్రాలు, బురద, రాళ్ళు, గుట్టలు... దేన్నైనా ఎక్కేస్తుంది. మా వెల్దుర్తిలో ఆ పని చేసేది టీవీఎస్ ఎక్స్ఎల్. చక్రాలు రెండే గానీ, మిరప చేలకు పోయే డొంకల్లోనూ, రాళ్ళ బాటల్లోనూ, ముందు మందు డబ్బా, వెనక రెండు నీళ్ళ క్యాన్లు, మీద ఒక మనిషీ... అది పోని చోటు లేదు. 2015లో ఫోర్ స్ట్రోక్ ఎక్స్ఎల్ 100 వచ్చింది నిజమే. కానీ అంతకు ముందు కొన్న 70 సీసీ టూ స్ట్రోక్ బండ్లు ఊళ్ళో ఇంకా కనిపిస్తూనే ఉంటాయి, వాటి ఇంజను కింద నూనె మరకలతో సహా. ఆ మరకల గురించే ఈ గోలంతా.

ఇంజను కింద నూనె కనిపిస్తే మన వాళ్ళ తీర్పు ఒక్కటే. "బండి ముసలిదైంది, బోరుకొచ్చింది." కొంచెం ఓపికున్నవాళ్ళు, "నూనె పోతోంది కదా, పెట్రోల్లో ఇంకొంచెం ఎక్కువ పోయి" అంటారు. రెండో సలహా మొదటిదానికంటే ప్రమాదం. ఎందుకో చెప్తాను.

ఫోర్ స్ట్రోక్ ఇంజన్లో నూనె అడుగున విడిగా నిలవ ఉంటుంది. కారితే తగ్గుతుంది, మళ్ళీ పోస్తాం, అంతే. టూ స్ట్రోక్ లో అలా కాదు. లీటరుకి 20 మిల్లీలీటర్ల 2టీ ఆయిల్ కలిపిన పెట్రోలు గాలితో కలిసి ముందు క్రాంక్ కేసులోకి వస్తుంది, అక్కణ్ణుంచి పైకి సిలిండర్లోకి పోతుంది. పిస్టన్ పైకి పోయినప్పుడు క్రాంక్ కేసు పీలుస్తుంది, కిందికి దిగినప్పుడు నెడుతుంది. అంటే అదొక పంపు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే ఇంజన్లో ఈ పీల్చడం, నెట్టడం సెకనుకి 50 సార్లు జరుగుతుంది.

ఇప్పుడు ఆ పంపుకి ఎక్కడో చిల్లి పడిందనుకోండి. నెట్టినప్పుడు నూనె బయటికొస్తుంది, అది మనకి కనిపిస్తుంది. పీల్చినప్పుడు అదే చిల్లిలోంచి ఉత్త గాలి లోపలికి పోతుంది, అది కనిపించదు. ఆ గాలి కార్బొరేటర్ లోంచి రాలేదు కాబట్టి దాంట్లో పెట్రోలూ లేదు, నూనే లేదు. మిశ్రమం పలచబడుతుంది, వేడెక్కుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. మరక మన ఎర్రర్ లాగ్ లో చివరి లైను లాంటిది. అసలు గొడవ దానికంటే ముందే మొదలైంది.

మరి నూనె ఎక్కువ పోస్తే? కార్బొరేటర్ జెట్ లోంచి పోయే ద్రవం అంతే ఉంటుంది. దాంట్లో నూనె వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది. అసలే పలచనైన మిశ్రమం ఇంకా పలచనవుతుంది. కింద మరక మాత్రం పెద్దదవుతుంది :)

2021 చివర్లో నేను ఇంటి నుంచి పని చేస్తూ ఊళ్ళోనే ఉన్నాను. అప్పటికి మాది గుంటూరు జిల్లాయే, పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్లో వచ్చింది. ఆ యేడు మిరప మీద నల్ల తామర పురుగు పడింది. పూతలో దూరి కాయ కట్టనివ్వదు. పొద్దున లేస్తే రైతులకి మందు కొట్టడమే పని. సరిగ్గా అప్పుడే మా బాబాయి ఎక్స్ఎల్ మొరాయించింది. యాక్సిలేటర్ వదిలినా ఇంజను రయ్యిమంటూనే ఉండేది. ఒక ఎక్కుడులో పట్టేసి, చల్లారాక మళ్ళీ కదిలింది. మెకానిక్ చూసి, "బోరు కొట్టించి పిస్టన్ మార్చాలి, నాలుగు వేలవుద్ది, నాలుగు రోజులు పట్టుద్ది" అన్నాడు.

"డబ్బులదేముంది అబ్బాయ్, నాలుగు రోజులు బండి లేకపోతే నీళ్ళు ఎట్టా మొయ్యాలి?" అన్నాడు బాబాయి.

యాక్సిలేటర్ వదిలినా చుట్లు దిగకపోవడం బోరు లక్షణం కాదు. బోరుకొచ్చిన ఇంజనుకి కంప్రెషన్ పోతుంది, కిక్కు తేలికవుతుంది, లాగడం తగ్గుతుంది. కేబుల్ పట్టేయకుండా యాక్సిలేటర్ పూర్తిగా వెనక్కి వస్తున్నా చుట్లు దిగట్లేదంటే, ముందు అనుమానించాల్సింది గాలిని.

ముందు ఇంజనంతా కిరసనాయిలుతో కడిగి, తుడిచి ఆరబెట్టాం. కడగకుండా లీకు వెతకడం దండగ, ఎందుకంటే గాలికి నూనె వెనక్కీ కిందికీ పాకి ఇంకెక్కడో బొట్టు కడుతుంది. తర్వాత ఇంజను మీద టాల్కం పౌడరు చల్లి, కాసేపు నడిపి చూశాం. సైలెన్సర్ మూతి దగ్గర నల్లటి జిగురు కనిపించింది. అది లీకు కాదు, కాలని 2టీ ఆయిల్. సిలిండర్ కింద ప్యాకింగ్ దగ్గర పౌడరు తెల్లగానే ఉంది. మాగ్నెట్ మూత కింద మాత్రం తడిసింది. మూత విప్పితే లోపల పెట్రోలు వాసనతో పలచటి నూనె. అక్కడ క్రాంక్ బయటికొచ్చే చోట ఒక రబ్బరు ఆయిల్ సీల్ ఉంటుంది.

అనుమానం వేరు, రుజువు వేరు కదా. సైలెన్సర్, కార్బొరేటర్ ఊడదీసి ఆ రెండు దారులూ సైకిల్ ట్యూబు రబ్బరుతో గట్టిగా మూశాం. పిస్టన్ని కిందికి దించి, ప్లగ్గు రంధ్రంలోంచి నానమ్మ బీపీ మిషను బల్బుతో గాలి కొట్టాం. బీపీ డయలు 300 దాకా ఉంటుంది. అది ఇంచుమించు 6 పీఎస్ఐ, ఈ పరీక్షకి అంతే కావాలి. అమెరికాలో 1987 నుంచి 2006 దాకా అమ్మిన యమహా బాన్షీ అనే టూ స్ట్రోక్ ఏటీవీకి కూడా ఇదే పరీక్ష చేస్తారు. మంచి ఇంజన్లో ముల్లు నిమిషాల తరబడి దాదాపు అక్కడే నిలబడాలి. మాది చూస్తుండగానే సున్నాకి దిగిపోయింది. సీలు మీద సబ్బు నీళ్ళు వేస్తే బుడగలు!

ఆ బుడగలు మెకానిక్కే చూపించాం. ఏమీ అనుకోలేదు, మాగ్నెట్ లాగే పుల్లర్ తెచ్చి పూటలో సీలు మార్చేశాడు. సీలు ఖరీదు వంద లోపే. మళ్ళీ గాలి కొడితే 5 నిమిషాలకి ముల్లు 300 నుంచి 280కి దిగింది. మర్నాడు బండి చేలోకి పోయింది. దానివల్ల పంట గట్టెక్కిందని చెప్పను. ఆ యేడు చాలామందికి లాగే బాబాయికీ దిగుబడి సగం కూడా రాలేదు. కానీ మందు కొట్టాల్సిన రోజున బండి లేక ఆగిపోలేదు. ఆ సీలు అలాగే వదిలేసి బోరు ఒక్కటే కొట్టించి ఉంటే, కొత్త పిస్టన్ కూడా అదే గాలికి పట్టేసేది.

చివరిగా ఒక జాగ్రత్త. ఆర్ఎక్స్ 100, చేతక్ లాంటి గేర్ల బండ్లు ఇంకా దాచుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. వాటిలో క్లచ్ వైపు సీలు పోతే కింద చుక్క కూడా పడదు. గేర్ ఆయిల్ క్రాంక్ కేసులోకి పోయి కాలిపోతుంది. సైలెన్సర్లోంచి దట్టమైన తెల్ల పొగ, నెలనెలా తగ్గే గేర్ ఆయిల్... ఆనవాళ్ళు ఆ రెండే. ఇంటి ముందు గచ్చు శుభ్రంగా ఉందని నిశ్చింతగా ఉండకండి, ఒకసారి గేర్ ఆయిల్ కొలిచి చూసుకోండి.