ఒక కొవ్వు కుచ్చు కథ

ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని టీ తాగుతుంటే పొత్తికడుపులో ఎడమవైపు పొడిచినట్టు నొప్పి. వేలు పెట్టి చూపించగలిగేంత చిన్న చోటు. జ్వరం లేదు, వాంతుల్లేవు. "గ్యాసే రా బై, ఈనో తాగు" అని తేల్చేశాడు రూమ్మేటు.

మర్నాటికి దగ్గితే ప్రాణం పోతోంది. తార్నాకలో ఒకచోట చూపిస్తే, అడ్మిట్ అవ్వు, ఆపరేషన్ పడొచ్చన్నారు. జేబులో ఉన్నవి మెస్ బిల్లు డబ్బులు.

ఇంకో డాక్టరుగారు రక్తపరీక్ష చూశారు. తెల్లకణాలు మామూలుగానే ఉన్నాయి. సీటీ తీయించారు. పెద్దపేగుని ఆనుకుని కోడిగుడ్డు ఆకారంలో చిన్న కొవ్వు ముద్ద, చుట్టూ తెల్లటి అంచు. ఎపిప్లోయిక్ అపెండజైటిస్! పేగు పొడవునా 50 నుంచి 100 దాకా ఇలాంటి కొవ్వు కుచ్చులు వేలాడుతుంటాయట, అందరికీ. ఒకటి మెలిపడి, రక్తం అందక వాచింది. వెసేలియస్ 1543లోనే వీటి గురించి రాశాడు. నేనేమో పేరు కూడా వినలేదు.

"కోత అక్కర్లేదు బాబూ, యాంటీబయాటిక్కూ వద్దు. వారం రోజులు ఇబుప్రొఫెన్, అన్నం తిన్నాక. జ్వరం వచ్చినా నొప్పి పెరిగినా వెంటనే రావాలి."

బయటికొచ్చి అమ్మకి ఫోన్ చేశాను. అంతా విని, కాసేపాగి, "అయితే కొవ్వెక్కిందంటావ్" అంది.