పొద్దున తాతల ఊరు... సాయంత్రం కుర్రాళ్ల ఊరు!

తెల్లవారుజామున ఐదున్నర. కాకినాడ గాంధీనగర్ పార్కు. మఫ్లర్లు చుట్టుకున్న పెద్దలు నాలుగు రౌండ్లు నడిచి బెంచీల మీద కూలబడ్డారు. బీపీ మాత్రల నుంచి ఢిల్లీ రాజకీయాల దాకా అన్నీ అక్కడే తేలిపోతాయి. సాయంత్రం అదే ఐదున్నరకి భానుగుడి సెంటర్‌కి వెళ్లి చూడండి... భుజాన బ్యాగులతో కాలేజీ పిల్లలు, బజ్జీల బండి చుట్టూ కబుర్లు, నవ్వులు. రెండూ ఒకే ఊరంటే నమ్మబుద్ధి కాదు.

రిటైరయ్యాక ఎక్కడ స్థిరపడాలన్నది ఇప్పుడు చాలా ఇళ్లలో నడుస్తున్న చర్చ. అందరూ పెద్దవాళ్లే ఉన్న ఊళ్లో దిగులు. మహానగరంలో రోడ్డు దాటాలన్నా గుబులు. అన్ని వయసులవారూ కలిసిమెలిసి ఉండే చిన్న నగరం కావాలి. మరి దాన్ని గుర్తుపట్టడం ఎలా? కాకినాడని చూస్తే కొంత తెలుస్తుంది.

ఒకే చెట్టు... రెండు కాయలు

'పెన్షనర్స్ ప్యారడైజ్' అని ఈ ఊరికి ఎప్పట్నుంచో పేరు. ఎత్తుపల్లాల్లేని నేల, గీత గీసినట్టు సమాంతరంగా సాగే వీధులు... మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఇంతకన్నా ఏం కావాలి! కానీ పెద్దల్ని ఇక్కడ నిలిపింది వీధులొక్కటే కాదు, కుర్రాళ్లని రప్పించిన కాలేజీలు కూడా. రంగరాయ మెడికల్ కాలేజీ 1958లో మొదలైంది. పద్దెనిమిదేళ్లవాళ్లు వైద్యం నేర్చుకునే ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనే డెబ్భై ఏళ్లవాళ్లకి వైద్యం అందుతుంది. పిఠాపురం రాజా కాలేజీ 1884 నాటిది. 1946లో విశాఖలో పుట్టి ఇక్కడికి తరలివచ్చిన ఇంజినీరింగ్ కాలేజీ 2008లో జేఎన్‌టీయూకే విశ్వవిద్యాలయంగా ఎదిగింది. పిల్లలుంటే మెస్సులు, పుస్తకాల షాపులు, అద్దె గదులు ఉంటాయి. కింద వాటాలో మాస్టారు, పై గదిలో ఇంజినీరింగ్ కుర్రాడు... కరెంటు బిల్లు కట్టిపెట్టేది వాడు, జ్వరమొస్తే చారన్నం పెట్టేది మాస్టారి భార్య. అలాంటి ఇళ్లున్న ఊళ్లో ముసలితనం ఒంటరిది కాదు.

మధ్యవాళ్లేరీ?

అయితే తాతా మనవడూ ఉన్నంత మాత్రాన కుటుంబం నిండినట్టు కాదు. మధ్యతరం ఉండాలిగా! ఓడరేవుంది, ఎరువుల ఫ్యాక్టరీలున్నాయి. కానీ ఇక్కడ చదివిన ఇంజినీర్లలో చాలామందికి ఉద్యోగం హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో. కొడుకు కోసం వేసిన మేడకి ఏడాదిలో ఎక్కువ రోజులు తాళమే. 2016లో స్మార్ట్ సిటీల తొలి జాబితాలోని ఇరవై నగరాల్లో కాకినాడ ఒకటి. రోడ్లూ పార్కులూ బాగుపడితే పెద్దలకి సుఖమే. కొడుకులు తిరిగి రావాలంటే మాత్రం ఉద్యోగాలే రావాలి.

అందుకే కొత్త ఊరు చూడ్డానికి వెళ్లేవాళ్లు ఇళ్ల ధరలు అడిగే ముందు మూడుచోట్ల కాసేపు నిలబడితే మంచిది. పొద్దున్నే పార్కులో, సాయంత్రం బజారులో, బడి వేళకి స్కూలు గేటు దగ్గర. పిల్లల్ని దింపడానికి తాతలే వస్తున్నారా, అమ్మానాన్నలా? ఆ ఊరి గుట్టు అక్కడ తెలిసిపోతుంది.

సంక్రాంతికి మాత్రం కాకినాడలో ఏ లోటూ ఉండదు. మేడల తాళాలు తెరుచుకుంటాయి, మూడు తరాలూ ఒకే పంక్తిలో కూర్చుంటాయి. పండగ వెళ్లాక ఓ రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ హైదరాబాద్ వైపు కదులుతుంది. కాజాల డబ్బా కిటికీలోంచి అందించి, చెయ్యి ఊపుతూ ప్లాట్‌ఫాం మీద మిగిలేది తాతయ్యా నానమ్మా. ఇంటికెళ్లేసరికి పై గది కుర్రాడు గేటు తీసి పట్టుకుంటాడు... 'రైలు టైముకే వెళ్లిందా తాతగారూ?' అంటూ.