పోటు లేని గుండెపోటు

తెలుగు పాఠం చెప్పుకుని బతికేదాన్ని గనుక మాటలతో పేచీ పెట్టుకోవడం నాకు అలవాటు. ఈ మధ్య నాకు పేచీ వచ్చింది "గుండెపోటు" అనే మాటతో. పోటు అంటే పొడవడం, కత్తిపోటు వంటిదన్నమాట. ఆ మాట వినగానే మన కళ్ళకు కట్టేది ఎవరు? ఎడమ రొమ్ము గట్టిగా పట్టుకుని కుర్చీలో ఒరిగిపోయే పెద్దమనిషి! సినిమాల పుణ్యమా అని ఆ బొమ్మ మన మనస్సుల్లో అచ్చుపడి పోయింది. ఆ బొమ్మలో ఆడమనిషి కూడా వుంటుంది గాని, పక్కన నిలబడి కెవ్వుమని అరవడమే ఆమె వంతు.

నిజానికి ఈ జబ్బు మగవారిలోనైనా పొడిచినట్టు రావడం తక్కువ. రొమ్ము మీద రోలు పెట్టినట్టు బరువుగానో, నులిమినట్టో, బిగించినట్టో వుంటుంది. ఆడవారిలోనూ ఎక్కువమందికి కనిపించేది ఈ బరువే. కాకపోతే దానితోబాటు, ఒక్కొక్కప్పుడు అది లేకుండానే, దవడ, మెడ, భుజాలు, వీపు లాగడం, పొట్ట పైభాగాన నొప్పి, వాంతి వచ్చినట్టుండటం, చల్లని చెమట, ఆయాసం, ఎన్నడూ ఎరగని నిస్సత్తువ వీరిలో ఎక్కువ. మధుమేహం వున్నవారికి నొప్పి బొత్తిగా తెలియకపోవడమూ కద్దు.

ఇక మా వైపు సంగతి వినండి. కోరుట్లలో, జగిత్యాలలో ఎన్నో వాడల్లో ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుడుతూ కనపడతారు. సిరిసిల్లలో మరమగ్గాల హోరు మధ్య కండెలు చుట్టేవారూ, బీడీలు చేసేవారూ వున్నారు. పొద్దంతా వంగి కూర్చునేవారికి మెడ లాగడం, వీపు నొయ్యడం ఏమంత వింత? చిక్కంతా ఇక్కడే వుంది. గుండె పంపే కబురూ, చాట పంపే కబురూ ఒకే వీధిన వస్తాయి.

మా చిన్నమ్మ విషయంలో జరిగింది అదే. కోరుట్లలో ముప్పయ్యేళ్ళు బీడీలు చేసిన మనిషి. వయస్సు 54, షుగరు వుంది. ఒకనాడు పొద్దున్నే దవడ, వీపు లాగడం మొదలుపెట్టాయి. కోడలు చూసి, "ఏమైంది అత్తమ్మా?" అని అడిగిందట.

"ఏంలేదు బిడ్డా, జర గాసు పట్టింది. ఇంకో నాలుగు కట్టలైతే వెయ్యి అయితయి. అయినంక పంట" అన్నదట చిన్నమ్మ.

వామునీళ్ళు తాగింది. వాడలో ఒకాయన గాసుమాత్ర ఇచ్చాడు. వెయ్యి బీడీలూ పూర్తయినాయి. రాత్రికి చెమటలు, ఆయాసం. జగిత్యాల చేర్చేసరికి జబ్బు మొదలై పన్నెండు గంటలు దాటింది. మూడోనాడు పోయింది. ఎవరిని అనగలం? ఆమె ఎరిగిన గుండెపోటుకు పోటు వుంది. ఆమెకు వచ్చినదానికి లేదు.

ఈ చిన్నచూపు మన దగ్గరే కాదు సుమండీ. ఆడది తన గుండె కూడా మగవాడి గుండెలాగే జబ్బుపడిందని రుజువు చేసుకుంటే గాని సమానమైన వైద్యం అందడంలేదని, 1991లో అమెరికాలో బెర్నడీన్ హీలీ అనే గుండె వైద్యురాలు రాశారు.

గుండెకు నెత్తురు తెచ్చే నాళంలో గడ్డ అడ్డుపడితే కండరం నిమిషనిమిషానికీ చచ్చిపోతూ వుంటుంది. గడ్డను కరిగించే సూదిమందును సాధారణంగా 12 గంటల లోపలే ఇస్తారు. మొదటి రెండు మూడు గంటల్లో పడితే ఫలితం మెండు. అంచేత ఒక లెక్క గుర్తుంచుకోండి. దవడ నుంచి బొడ్డు దాకా ఎక్కడైనా సరే, కొత్తగా వచ్చిన నొప్పో బరువో, లేక కారణం తెలియని ఆయాసమో చెమటలో అయిదారు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయాలి. గాసా, గుండా అని తేల్చడం మన పని కాదు; ఇ.సి.జి. పని. ఆస్పత్రి గుమ్మం తొక్కిన 10 నిమిషాల్లో అది తీయాలి. మొదటిది బాగున్నా అనుమానం తీరకపోతే మళ్ళీ తీయించి, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష కూడా చేయించాలి.

అసలు రాకుండా చూసుకోలేమా అంటే, చాలావరకు చూసుకోవచ్చు. 52 దేశాల్లో జరిపి 2004లో ప్రకటించిన ఒక పెద్ద పరిశోధనలో, ఆడవారి తొలి గుండెపోటు ముప్పులో 94 శాతానికి తొమ్మిది కారణాలే మూలమని తేలింది. పొగాకు, రక్తపోటు, షుగరు, కొవ్వు, పొట్ట, మనోవ్యథ, కదలని ఒళ్ళు, కూరలూ పండ్లూ లేని తిండి అందులోవే. ముట్లుడిగిన తరువాత ముప్పు పెరుగుతుంది. కడుపుతో వున్నప్పుడు రక్తపోటు గాని షుగరు గాని వచ్చినవారు, కాన్పు అయిపోయిందని మరచిపోకుండా ఆ మాట డాక్టరుతో ఎప్పటికీ చెబుతూ వుండాలి. 30 యేళ్ళు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షలు ఉచితం. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే చిన్న చెంచాడు, మించరాదు. ఆవకాయలో, అప్పడాల్లో వున్నదీ ఆ లెక్కలోదే. నస్యం, తంబాకు మానాలి. ఇంట్లో మగవారు బీడీ కాల్చడం మానితే ఇద్దరికీ మేలు. వారానికి అయిదు రోజులు అరగంట నడక చాలు. తగ్గింది గదా అని బి.పి. మాత్ర ఆపకూడదు.

ప్రభుత్వ వైద్య కళాశాలలు జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో వచ్చాయి. ఆ మేరకు వైద్యం మనకు దగ్గరైనట్టే. ఇక మిగిలిన దూరం ఇంట్లోనే వుంది. మన ఆడవాళ్ళు "ఏంలేదు" అన్నప్పుడు, ఆ మాటకు నిఘంటువులో వున్న అర్థం తీసుకోకండి. చేతిలో చాట పక్కన పెట్టించి, ఇంకొకసారి అడగండి.