పనస కర్ర

మొన్న వేసవిలో మా అక్క కూతురు త్రిపురాంతకం వస్తూ ఉకులేలీ తెచ్చుకుంది. చంకలో ఇమిడేంత వాద్యం, నాలుగు నైలాను తీగలు. "ఇది మహోగనీ పిన్నీ, అందుకే మెత్తగా పలుకుతుంది. కోవా కర్రదైతే ఇంకా ఖరీదు" అంది. 1879లో మడైరా దీవి నుంచి చెరకు తోటల పనికి వచ్చిన పోర్చుగీసు వాళ్ళు హవాయికి తెచ్చిన చిన్న వాద్యమే, అక్కడి కోవా కర్రతో తయారై ఉకులేలీ అయింది.

వింటున్న అమ్మ "మాది పనస" అంది. అంతే.

ఆమె అన్నది అటక మీది వీణ గురించి. పెళ్ళిచూపుల్లో వాయింపజేసి, నచ్చాక కాపురానికి వెంట పంపిన వీణ. "కర్ర చెడింది, ఇక పలకదు" అని నాన్న అటకెక్కించారట. నలభై యేళ్ళుగా అదే నమ్మాం.

దాన్ని దించి, వీణలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కుండ మీద వేలి గణుపుతో తట్టి, చెవి ఆనించి విన్నాడు. కర్రకేం కాలేదన్నాడు. మైనం కరిగి మెట్లు జరిగాయి, తీగలు తుప్పుపట్టాయి. మా ఊరి ఎండలకు అటక మీద మైనం నిలుస్తుందా?

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. తీగ కదలిక గుర్రం మీదుగా పై పలకకు, అక్కణ్ణించి కుండలోని గాలికి చేరుతుంది. తీగ ఒంటరిగా గది కూడా దాటలేదు. బరువైన, బిగువైన కర్ర అంత తేలిగ్గా కదలదు. పనస కదులుతుంది. కానీ పలకను ఎంత పలచన చేశారు, కుండను ఎలా తొలిచారు అన్నవీ స్వరాన్ని మారుస్తాయి. అన్నిటికీ కర్రనే కారణం చేయలేం.

ప్రబంధ నాయికల మీద సిద్ధాంతగ్రంథం రాసిన నేను, వాళ్ళ చేతుల్లో వీణలు వెతికాను గానీ మా ఇంటి వీణ ఎందుకాగిందో అడగలేదు. దేవదాసీ కుటుంబంలో పుట్టిన వీణ ధనమ్మాళ్ (1867–1938) ఇంటికి శుక్రవారం సాయంత్రాలు విద్వాంసులే వెళ్ళి వినేవారు. ఆ విద్యే మా అమ్మ తరానికి పెళ్ళి అర్హతగా చేరింది. పెళ్ళయ్యాక దానితో పనేముంది?

మెట్లు కట్టించి తెచ్చాం. అమ్మ మూడు రోజులు ముట్టుకోలేదు. నాలుగో రోజు తెల్లవారుజామున శ్రుతి చేసుకుంటున్న చప్పుడుకి మెలకువ వచ్చింది.

"వేళ్ళు మొద్దుబారాయే" అంది నన్ను చూసి.

"మరి కర్ర?"

"కర్ర అప్పుడూ బాగానే ఉంది. మీ నాన్నకే ఆ చప్పుడు గిట్టేది కాదు" అని, తీగ ఇంకాస్త బిగించింది.