రెండు అగ్గిపుల్లలు, ఇద్దరికి వంట

మీ ఇంట్లో మగపిల్లవాడు ఎప్పుడైనా పొయ్యి వెలిగించాడా? మా ఇంట్లో కార్తీకమాసం దాకా వెలిగించలేదు. నేను వెలిగించనివ్వలేదు అంటే సరిగ్గా ఉంటుందేమో.

మావాడు తొమ్మిదో తరగతి. బళ్లో స్కౌట్స్‌లో చేరాడు. ఒక ఆదివారం అమ్మానాన్నల్ని మామిడితోటకు రమ్మని మాస్టారు కబురు చేశారు. మా రెడ్డిగూడెంలో మామిడి తోటలకేం కొదవ! నూజివీడు మామిడి పేరు మీరూ వినే ఉంటారు, మా తోటలూ ఆ చుట్టుపక్కలవే. వనభోజనాలు కదా అని నేను పులిహోరకు చింతపండు నానబెడుతుంటే, "అమ్మా, నువ్వేం తేకూడదు. వంట నాది. పరీక్ష!" అన్నాడు.

స్కౌట్లలో ద్వితీయ సోపాన్ అని ఒక మెట్టు ఉందిట. ఆరుబయట రెండు అగ్గిపుల్లలకు మించకుండా వాడి కట్టెల పొయ్యి రాజెయ్యాలి. దాని మీద ఇద్దరికి సరిపడా రెండు రకాలు వండాలి. ఆ ఇద్దరూ మా వారూ, నేనూ అన్నమాట. ఇంట్లో ఒక్కత్తీ ఎందుకని ఇంటర్ చదివే మా అమ్మాయినీ వెంట తీసుకెళ్లాం.

మూడు రాళ్లు పెట్టి, ఎండు మామిడి పుల్లలు పేర్చాడు. గిన్నెలకు బయటంతా తడిమట్టి మెత్తాడు. మసి గిన్నెకు పట్టదు, తర్వాత మట్టితోపాటు ఊడి వచ్చేస్తుంది. (గ్యాసు వచ్చాక మనం మరిచిపోయాం గానీ, మా అమ్మమ్మా ఇలాగే చేసేది.) మొదటి పుల్ల గాలికి ఆరిపోయింది. రెండోది అంటుకునేదాకా నాకు ఊపిరాడలేదు. అత్తెసరు పెట్టాడు. బియ్యం మీద వేలు ఆనించి ఒక కణుపు నీళ్లు కొలుచుకున్నాడు. రెండో పొయ్యి మీద టమాటాలు వేసి పెసరపప్పు. కందిపప్పయితే కట్టెల మీద ఆలస్యమవుతుందని ఎవరు చెప్పారో అనుకున్నాను.

అన్నం పొంగి మంట మీద పడుతోంది. ఇక కూర్చోలేకపోయాను. పరుగున వెళ్లి గరిటె లాక్కున్నాను. మాస్టారు వచ్చి, "అమ్మగారూ, మీరు చెయ్యి పెడితే వాడు మళ్లీ మొదటి నుంచీ వండాలి" అన్నారు. వాడి మొహం ఎర్రగా అయిపోయింది. మా అమ్మాయి నా కొంగు పట్టి లాగి, "రామ్మా, వాడికి తెలుసు. నువ్వు గుడికి వెళ్లినప్పుడల్లా నేనే నేర్పాను" అంది.

అన్నం అడుగంటింది. పప్పులో ఉప్పు చాల్లేదు. అయినా మా వారు విస్తట్లో మారు వడ్డించుకుని "బాగుందిరా" అన్నారు. నా పప్పుకు ఆ మాట ఎన్నడైనా వచ్చిందా అని అడక్కండి.

వంట ఇద్దరికే కదా! నా అన్నంలో సగం తీసి అమ్మాయికి పెట్టాను. అది తింటూ, "నేను ఆరో తరగతిలో ఉండగా నీకు టైఫాయిడ్ వస్తే పది రోజులు వండాను. నాకు బ్యాడ్జీ ఏదమ్మా?" అంది. నవ్వుతూనే అంది. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎనిమిదో తరగతిలో గైడ్స్‌లో చేరతానంటే, "ఆడపిల్లవి, నీకు క్యాంపులేమిటి" అన్నది నేనే.

మావాడి పుస్తకంలో చదివాను. 1907లో ఇంగ్లండులో బేడెన్ పావెల్ మొదటి క్యాంపు మగపిల్లలతోనే పెట్టాడట. 1909లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర పెద్ద స్కౌట్ల సభ జరిగితే, పిలవకపోయినా కొందరు ఆడపిల్లలు వచ్చి, మమ్మల్నీ చేర్చుకోండి అని నిలబడ్డారట. ఆ మరుసటి ఏడే గైడ్స్ వచ్చింది. మా అమ్మాయి కూడా అడిగింది, కాదన్నదాన్ని నేను.

సాయంత్రం గిన్నెలు వాడే తోమాడు, మసి మట్టితోపాటు ఊడిపోయింది. నేను అమ్మాయి పక్కన కూర్చుని, కాలేజీ వయసు ఆడపిల్లలకు రేంజర్స్ అని ఉందటే, కాగితం తెచ్చుకో, సంతకం నేనే పెడతాను అన్నాను.

"చూద్దాంలే అమ్మా" అంది.